పై గది నుంచి కింది గదికి

పాలు పొంగుతున్నాయని తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం స్టవ్ దాకా వెళ్లలేదు. కళ్లు తెరిచేసరికి వంటింట్లో గచ్చు మీద ఉన్నాను. మాడిన పాల వాసన. కోడలు ముఖం మీద నీళ్లు చల్లుతూ "అత్తయ్యా, అత్తయ్యా" అంటోంది. అప్పటికి మూడు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. వయసు అనుకున్నాం. నీరసం అనుకున్నాం. ఒక డాక్టరు గారు బలానికి మాత్రలు కూడా రాశారు. ఆ రోజు ఈసీజీ తీస్తే గుండె నిమిషానికి 34 సార్లే కొట్టుకుంటోంది. కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నారు. మర్నాడు పేస్‌మేకర్ పెట్టారు.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా "బ్యాటరీ పెట్టారట కదా" అని పలకరించారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నేనే గోడ గడియారంలా అనిపించేదాన్ని.

ఎడమ చెయ్యి ఆరు వారాలు భుజం దాటి లేపకూడదన్నారు, లోపల పేస్‌మేకర్ తీగల కొసలు గుండె గోడకు కుదురుకునే దాకా. అసలు కదపకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుందని కూడా అన్నారు. నేను మొదటి మాటే చెవిన పెట్టాను. చెయ్యి ఒంటికి అతికించుకుని తిరిగాను. మూడో వారానికి రవిక తొడుక్కోవాలంటే ప్రాణం పోయేది. ఆ తర్వాత రోజూ ముందుకు వంగి చెయ్యి వేలాడదీసి మెల్లగా ఊపడం మొదలుపెట్టాను. భుజం దారికి రావడానికి రెండు నెలలు పట్టింది. కొత్తగా పెట్టించుకున్నవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే: భయంతో చేతిని కట్టేసుకోకండి.

అన్నిటికంటే కష్టం జడ. రెండు చేతులూ తల వెనక్కి వెళ్లకపోతే జడ లేదు. నలభై ఏళ్లుగా అద్దం చూడకుండా అల్లుకున్నదాన్ని, జుట్టు కత్తిరించేయమన్నాను. కోడలు ఏమీ అనలేదు, దువ్వెన తీసుకుని వెనక కూర్చుంది. ఆఫీసుకు టైమవుతున్నా తొందర లేకుండా చిక్కు తీసేది. "లాగితే చెప్పండి అత్తయ్యా" అనేది. వదులుగా అల్లేది. నాకు బిగువుగా ఉండాలి. ఆ మాట చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది. అడిగి చేయించుకోవడం నాకు అలవాటు లేని పని.

ఇక రాత్రిళ్లు. పైట సర్దుకుంటే వేలికి ఆ మిషన్ గట్టి అంచు తగిలేది. పడుకుని మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టేదాన్ని. మన భాషలో మనిషంతా గుండెలోనే ఉన్నాడు. భయమేస్తే గుండె జారుతుంది, దుఃఖం వస్తే గుండె చెరువవుతుంది. ఓదార్చాలంటే గుండె దిటవు చేసుకోమంటాం, నిజం చెప్పమనాలంటే గుండెల మీద చెయ్యి వేసి చెప్పమంటాం. ఆ గుండెను కరెంటు కొట్టిస్తుంటే, ఇప్పుడు జారేది ఎవరిది? చెరువయ్యేది ఎవరిది? ఇవి పైకి అడిగే ప్రశ్నలు కావు. మూడు నెలలు నాలోనే తిరిగాయి.

చెకప్‌కు వెళ్లినప్పుడు టెక్నీషియన్ అమ్మాయి మిషన్ ఉన్నచోట పైన చిన్న పరికరం ఆనించి, "ఇప్పుడు కొంచెం వేగం పెంచుతానమ్మా, దడగా ఉంటుంది, భయపడకండి" అంది. కుర్చీలో ఊరికే కూర్చున్న నాకు గుండె పరుగెత్తింది. దడ ఉంది, దాని వెనక ఏమీ లేదు. చెడ్డ కబురు లేదు, ఎదురుచూపు లేదు. ఉత్త వేగం. అలాంటి దడ నేను జీవితంలో ఎరగను.

గుండె కింది గదిని దాదాపు ప్రతిసారీ మిషనే కొట్టిస్తోందని చెప్పింది. నా ముఖం చూసి డాక్టరు గారు కాగితం మీద గుండె బొమ్మ గీశారు. పై గదిలో కబురు పుట్టే చోటు మీకు బాగానే ఉంది, అది కిందికి వెళ్లే దారి తెగింది, అంతే అన్నారు. పేస్‌మేకర్ ఒక తీగతో పై గదిని వింటుంది. కబురు పుట్టగానే రెండో తీగతో కింది గదికి అందిస్తుంది. పై గది మరీ నెమ్మదిస్తే మాత్రం తనే అందుకుంటుంది.

ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను. మొన్న మనవరాలు మెట్ల మీద జారినప్పుడు నా గుండె గుభేలుమంది. ఆ గుభేలు నాదే. పుట్టింది నాలో, చేరవేసింది అది. ఇంత తేడా తెలిశాక నాడి లెక్కపెట్టడం మానేశాను.

ఆ తర్వాత ఈ మిషన్ కథ తెలుసుకున్నాను. ప్రపంచంలో మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ అమర్చుకున్న మనిషి ఆర్నె లార్సన్. 1958 అక్టోబరు 8న, స్వీడన్‌లో. భర్త పదేపదే స్పృహ తప్పుతుంటే చూడలేక ఆయన భార్య సర్జన్ సెన్నింగ్‌నూ, ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్‌నూ వదలకుండా వెంటపడింది. బూట్ల పాలిష్ డబ్బాను అచ్చుగా వాడి పోతపోసిన ఆ మొదటి మిషన్ కొన్ని గంటలే పనిచేసింది. ఆ తర్వాత మార్చుకుంటూ మార్చుకుంటూ లార్సన్ 2001 దాకా, 86 ఏళ్లు బతికాడు. తయారుచేసినాయన, అమర్చినాయన ఇద్దరూ ఆయన కంటే ముందే పోయారు. నేను ఎక్కువగా తలుచుకునేది ఆ భార్యనే. కబురు చేరవేసిన మొదటి మనిషి ఆవిడే.

ఫోను ఎడమవైపు గుండెకు ఆనించకుండా కుడి చెవికి పెట్టుకోవడం, ఇండక్షన్ స్టవ్‌కు రెండడుగులు ఎడంగా నిలబడడం, ఎయిర్‌పోర్టులో పేస్‌మేకర్ కార్డు చూపడం, ఇవన్నీ వారంలో అలవాటైపోతాయి. ఒక సంగతి మాత్రం మా అబ్బాయికి చెప్పక తప్పలేదు. దహనానికి ముందు ఈ మిషన్‌ను తీసేయాలి, మంటల్లో బ్యాటరీ పేలొచ్చు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని వాడు లేచి వెళ్లిపోయాడు. నేను మళ్లీ ఎత్తలేదు.

నాలుగు రోజులు పోయాక, జడ వేయించుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "ఆ కార్డు ఎక్కడ పెట్టావో చెప్పమ్మా" అన్నాడు.

దేవుడి గూట్లో, పంచాంగం కింద ఉందని చెప్పాను. వెళ్లి చూసి వచ్చాడు.