ప్రదక్షిణఫలము ఎవరిది?

ప్రదక్షిణము చేయువాడు ఏ చోట బయలుదేరునో మరల ఆ చోటికే వచ్చి నిలుచును. కాళ్లు కదలినవే కాని చేరిన క్రొత్తచోటు ఏదియు లేదు. లౌకికదృష్టితో చూచినచో ఇది వ్యర్థప్రయాసము. ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవువానికి ప్రయాణఫలము చేరినచోట లభించును. ప్రదక్షిణము చేయువానికి అట్టి గమ్యము లేదు గనుక, ఫలము నడచినవానియందే కలుగవలెను. అయినచో ఆ ఫలమెట్టిది? నడచిన శ్రమకు దక్కు కూలియా? లేక నడచువానిలో కలుగు మార్పా? ఈ ప్రశ్నకు అహోబిలక్షేత్రపు అడవిదారి చక్కని సమాధానము చెప్పగలదు.

నంద్యాల జిల్లాలో నల్లమల కొండల నడుమ వెలసిన అహోబిలము 108 దివ్యదేశములలో నొకటి. తిరుమంగై ఆళ్వారు దీనిని సింగవేళ్ కున్ఱమను పేర పాశురములలో కీర్తించుచు, దేవతలకు దక్క అన్యులకు చేరరాని చోటుగా వర్ణించెను. దిగువ అహోబిలమునుండి ఎగువ అహోబిలము సుమారు 8 కిలోమీటర్లు. నేడు అంతవరకు వాహనములు పోవుచున్నవి. ఎగువసన్నిధిలో గుహయందు వెలసిన స్వామిని సేవించినపిదప అసలైన అడవిదారి మొదలగును.

భవనాశినీ ప్రవాహము వెంట బండలపై అడుగులు వేయుచు పోయినచో వరాహ నృసింహుని సన్నిధి వచ్చును. దానికి ఎగువన, కొండకొమ్మునుండి జాలువారు నీటిధార చెంత, జ్వాలా నృసింహుడు హిరణ్యకశిపుని చీల్చుచున్న రూపమున వేంచేసియున్నాడు. స్వామి తన హస్తములను కడిగికొన్నచోటని స్థలపురాణము చెప్పు రక్తకుండము ఆ సమీపముననే కలదు. అచ్చటినుండి మరలి వేరొక దారిని పోయినచో లక్ష్మీసమేతుడై ప్రసన్నుడైన మాలోల నృసింహుడు దర్శనమిచ్చును. ‘మా’ యనగా లక్ష్మి. ఆమెయందు లోలుడు మాలోలుడు. ఆ పైన ప్రహ్లాదుడు చదివినచోటని పెద్దలు చెప్పు ప్రహ్లాదబడి. అక్కడినుండి దిగినచో మరల ఎగువసన్నిధియే. ఒక పూటలో ముగియు చిన్న వలయమిది. మొదట ఉగ్రము, పిమ్మట ప్రసాదము, తుదకు ఒక బాలుని బడి. ఈ క్రమము మనసున నిలుపుకొనదగినది.

ఈ దారిని శక్తిగలవారు వెదురుకర్ర ఊతగా నడుతురు. అశక్తులు డోలీలలో పోవుదురు.

కొన్నియేండ్ల క్రిందట ఒక వృద్ధదంపతులు ఈ సేవకు బయలుదేరిరి. భర్త డెబ్బది యేండ్లు నిండినను దృఢకాయుడు. మోకాళ్లనొప్పిచే నడువలేని భార్య డోలీ నెక్కెను. ‘అడుగడుగునకు ఫలమందురు. మోయించుకొని వచ్చినవారికి అందులో సగమైనను దక్కునా?’ అని అతడు నవ్వెను. ఆమె బదులు పలుకలేదు.

వరాహసన్నిధి దాటినపిదప మోయువారు డోలీని దింపి అలసట తీర్చుకొనుచుండగా, తడిసిన బండపై అతని పాదము జారెను. వారిలో నొకడు చటుక్కున మణికట్టు పట్టి నిలిపెను. అతడు ధూళి దులుపుకొని మరల ముందు నడచెను. జ్వాలా నృసింహుని, మాలోలుని ఇరువురును సేవించిరి. ఆపై బడికి పోవు దారి నిటారుగా నున్నందున డోలీ క్రిందికి మరలెను. ‘వలయము పూర్తిచేసి వత్తును, నీవు దిగిపొమ్ము’ అని అతడు ఒంటరిగా ఎక్కెను.

బడియన్నమాటయే గాని అచ్చట గోడలు లేవు, పలకలు లేవు. కొండరాతి నీడ మాత్రమే కలదు. అచట కూర్చుండినంతనే అతనికి భాగవతము సప్తమస్కంధమున ప్రహ్లాదుడు నృసింహునితో విన్నవించుకొన్న మాట స్ఫురించెను. మునులు తరచుగా తమ ముక్తినే కోరి ఏకాంతమున మౌనము వహింతురనియు, దీనులైన వీరిని విడిచి తానొక్కడే ముక్తుడగుట తనకు ఇష్టము లేదనియు ఆ బాలుడు పలికెను. అప్పుడు వృద్ధుడు తాను ఉదయమునుండి లెక్కించుచు వచ్చిన అడుగులను తలచుకొనెను. వానిలో తనవి ఎన్ని? దారి తీర్చినవారెవరు? బండపై చేయిపట్టిన వాడెవడు?

అతడు దిగివచ్చునప్పటికి భార్య గుడిమెట్లపై కూర్చుండియుండెను. ఎప్పుడో చేరినను లోనికి పోలేదు. ‘మిమ్ము విడిచి స్వామి యెదుట నేనొక్కతెను ఎట్లు నిలుతునండీ?’ అనెను. అతనికి నోట మాట రాలేదు. డోలీ మోసినవారినిగూడ పిలిచి, అందరును కలిసి సన్నిధికి పోయిరి.

శాస్త్రదృష్టితో చూచినను సిద్ధాంతమిదియే. పూర్వాచార్యులు శరణాగతిని వివరించుచు రెండు న్యాయములు చూపిరి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని మోయును. వేళ్లను, రాళ్లను పట్టుకొని కొండ నెక్కువాడు మొదటిదానికి, డోలీలో పోవు అశక్తుడు రెండవదానికి చక్కని ఉదాహరణము. ఆచార్యుల నడుమ ఈ విషయమున ఎంత విచారము జరిగినను ఒక్క అంశమున భేదము లేదు: రెండుచోట్లను రక్షించునది తల్లియే. పట్టుకొన్న పిల్లయైనను చెట్టునుండి చెట్టునకు దూకినది తానని చెప్పుకొనరాదు గదా!

అయినచో నడువగలవాడు సోమరియై డోలీ నెక్కవచ్చునా? కూడదు. భగవంతు డొసగిన శక్తిని భగవత్సేవకు వినియోగింపకుండుట అపరాధమే. నడువగలవాడు నడువవలెను, ‘నడచితిని’ అను అభిమానమును మాత్రము విడువవలెను. శ్రీవైష్ణవులు ప్రతికర్మకును ముందు చేయు సాత్త్వికత్యాగము ఇదియే. నేను కర్తను కాను, ఈ కర్మ నాది కాదు, దీని ఫలము నాది కాదు అను మూడు త్యాగములు అందు కలవు. నోటితో పలుకుట సులభము. మోకాళ్లు వణకుచుండగా, ఎదుటివాడు వెనుకబడినప్పుడు, దానిని ఆచరించుట కష్టము. అందుకే ఈ దారి.

మరియొక మాట. ఈ అడవి చెంచుల పుట్టినిల్లు. స్వామి చెంచులక్ష్మిని పరిణయమాడెనని క్షేత్రకథ చెప్పును గనుక వారు ఆయనను తమ యింటి అల్లునిగా భావింతురు. సంక్రాంతి తరువాత పారువేట ఉత్సవమున స్వామియే పరిసరగ్రామములకు వేంచేయును. తానై జనుల యిండ్లకు పోవు స్వామిని సేవింపవచ్చినవారు, మోసినవానితో కూలికై బేరమాడి నొప్పింపరాదు. త్రాగిన నీటిసీసాలను భవనాశినిలో పడవేయరాదు. దప్పిగొన్నవానికి గుక్కెడు నీరైనను ఈయక ముందుకు సాగిపోరాదు.

వలయము ముగిసినచోట గుడి అదియే, మెట్లు అవియే, స్వామియు ఆయనయే. ఉదయమున ‘నేను’ అనుచు బయలుదేరినవాడు సాయంకాలమున ‘మనము’ అనుచు తిరిగివచ్చెనేని ప్రదక్షిణము ఫలించినట్లే. అట్టివానికి మాలోలుని కటాక్షము సంపూర్ణముగ లభించుగాక!