ఇన్‌లైన్ ఫంక్షనునకు సత్త కలదా?

సత్త యనగా నేమి యను విచారమునకు మన దర్శనకారులు ఘటమును, పటమును, రథమును దృష్టాంతములుగా గైకొనిరి. మిళిందప్రశ్నమున నాగసేన భిక్షువు యవనరాజైన మిళిందునిచేత రథముయొక్క ఇరుసును, చక్రములను, నొగను ఒక్కొక్కటిగా పరిశీలింపజేసి, వీనిలో ఏదియు రథము కాదనియు, వీని సముదాయమునకు లోకము పెట్టుకొనిన వ్యవహారనామమే రథమనియు ఒప్పించెను. ఆ భిక్షువు నేడుండినచో ఇరుసు జోలికి పోక, ఆపరేటింగ్ సిస్టమునకు హృదయస్థానమైన కెర్నెల్‌ను తెరచి, అందు ఒక్క పంక్తి దేహముగల చిన్న ఫంక్షనులను చూపియుండును. ఏలయన రథమును విడదీయుటకు వాదపటిమ కావలెను, వీనిని విడదీయు పనిని కంపైలరు దినదినము చేసి చూపుచున్నది.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ కెర్నెల్‌నందు జాబితాలను నడుపుటకు ఒక హెడర్ ఫైలు కలదు. అందలి ‘లిస్ట్ యాడ్’ కొత్త అంశమును జాబితా తలకు వెంటనే వెనుక చేర్చును. ‘లిస్ట్ యాడ్ టెయిల్’ దానిని తోకవైపున చేర్చును. రెండింటి దేహమును ఒక్కొక్క పంక్తియే. రెండును అడుగుననున్న మరియొక ఫంక్షనునే పిలుచును, మొదటిది తలను, తల తరువాతి అంశమును దాని కందించును, రెండవది తలకు ముందటి అంశమును, తలను అందించును, భేద మింతియే. ఇరుగుపొరుగు అంశముల పాయింటర్లను త్రిప్పి కట్టు నాలుగు లేఖనములు ఆ అడుగు ఫంక్షనునందు జరుగును. మూడింటికిని ‘స్టాటిక్ ఇన్‌లైన్’ అను ముద్ర యుండుటచే, కంపైలరు సాధారణముగా పిలుపును తొలగించి, పిలువబడినదాని దేహమును పిలిచినదాని దేహమునందే కలిపివేయును. పిదప యంత్రభాషను చదువువానికి తలయు లేదు, తోకయు లేదు. ఆ నాలుగు లేఖనములే చుట్టుప్రక్కల ఆదేశములలో కలగలిసి, ఒక్కొకప్పుడు క్రమముకూడ మారి, కానవచ్చును.

ఇట్లేల చేయుదురనిన, పిలుపునకు వ్యయము కలదు. రిజిస్టర్లను సర్దవలెను, తిరుగు చిరునామాను భద్రపరుపవలెను, పోయి మరల రావలెను. నాలుగు లేఖనముల పనికి ఇంత ఆర్భాటము తగదు. ఐనను కెర్నెల్ రచనా నియమావళి ఈ విషయమున అత్యుత్సాహమును వ్యాధి యనియే పేర్కొని, మూడు పంక్తులకు మించిన ఫంక్షనునకు ఈ ముద్ర వేయరాదని స్థూలనియమము చేసినది. దేహము పిలిచిన చోటెల్ల ప్రతియై పెరిగినచో కెర్నెల్ స్థూలించును, పేజీ క్యాష్‌కు మిగులు మెమరీ తగ్గును, అందు దొరకనిదానికై డిస్కును వెదకవలసివచ్చినచో 5 మిల్లీసెకండ్లు సునాయాసముగా గడచిపోవునని దాని హెచ్చరిక.

అయితే లిస్ట్ యాడ్ ఉన్నదా, లేదా? 7వ శతాబ్దివాడగు ధర్మకీర్తి అర్థక్రియాసామర్థ్యమే సత్తకు లక్షణమనెను. పనికి వచ్చునది ఉన్నది, రానిది లేదు. ఆ కొలతకు ఈ ఫంక్షను ఒక పట్టాన లొంగదు: పని జరిగినది, అంశము జాబితాలో చేరినది, కాని చేసిన వారెవరని అడిగినచో చూపుటకు చిరునామా లేదు. అవయవములకంటె భిన్నముగా అవయవి యొకటి కలదను నైయాయికునికి అవయవములు దొరకుచున్నవి, అవయవి దొరకుట లేదు. పాపము, అతని కిది ఇబ్బందియే. వేదాంతి వచ్చి, ఘటము పగిలినప్పుడు ఘటాకాశము మహాకాశమున కలిసినట్లు ఇదియు కలిసినది, ఏకత్వము పరమార్థము, నానాత్వము వ్యవహారము అని తీర్పు చెప్పును. వినుట కింపుగనే యున్నది గాని నాకు సమ్మతము కాదు. ఇచ్చట వ్యవస్థ తలక్రిందులైనది: మనుష్యుడు వ్రాసి, చదివి, దిద్దుకొను మూలమునందు లిస్ట్ యాడ్ ఒక్కటే; యంత్రమునందు అది పిలిచిన చోటెల్ల వేర్వేరు దేహముగా నున్నది. ఏకత్వము వ్యవహారమునకు దక్కినది, నానాత్వము యంత్రమునకు దక్కినది.

నామము వ్యవహారమాత్రమే గదా యని త్రోసివేయు పండితుడు, కెర్నెల్ కూలినప్పుడు కన్సోలు ముందు ఒక్కసారి కూర్చుండి చూడవలెను. జాబితా కట్టు చెడి, చెల్లని పాయింటరుపై వ్రాయబోయిన కెర్నెల్ ‘ఊప్స్’ అని కాల్ ట్రేస్‌ను ముద్రించి విడుచును. ట్రేస్ పేర్లను చిరునామాలను బట్టి చెప్పును. ఇన్‌లైన్ ఫంక్షనునకు స్వంత చిరునామా లేదు. అందుచే దోషము లిస్ట్ యాడ్ లోపల బయల్పడినను పేరు దానిని మ్రింగిన పెద్ద ఫంక్షనుదే అగును. అప్పుడు ఇంజనీరు, కంపైలరు ప్రక్కన వ్రాసియుంచిన డీబగ్ సమాచారమును తెచ్చి, చిరునామాను పంక్తిసంఖ్యగా మార్చు పరికరమును ఇన్‌లైన్ వివరములతోకూడ చూపుమని నడుపును. లయించిన నామములన్నియు వరుసగా లేచివచ్చును: ఈ ఆదేశము అడుగు ఫంక్షనుది, అది లిస్ట్ యాడ్ నుండి వచ్చినది, అది ఈ డ్రైవరునుండి వచ్చినది. యంత్రము తన కక్కరలేదని విడిచిన పేర్లను, ఆ యంత్రమును బాగుచేయువారి కొరకు వేరొక చోట పదిలపరుపవలసివచ్చినది.

కావున ధర్మకీర్తి కొలతనే ధర్మకీర్తికంటె కొంచెము విశాలముగా పట్టుకొనవలెనని నా అభిప్రాయము. నామమునకును అర్థక్రియ కలదు. దోషము వెదకువానికి త్రోవ చూపుటయు, దిద్దుబాటును ఒక్కచోట ముగియనిచ్చుటయు దాని పనులు. అది లేనిచో ఏమగునో లైవ్ ప్యాచింగ్ స్పష్టముగా చూపుచున్నది. 2015లో లినక్స్ 4.0తో ప్రధాన కెర్నెల్‌నందు చేరిన ఈ విధానము, నడుచుచున్న కెర్నెల్‌ను ఆపకయే, పాత ఫంక్షను ప్రారంభముననే త్రోవ మళ్లించి కొత్త దేహమునకు పంపును. ప్రారంభమే లేని ఇన్‌లైన్ ఫంక్షనును అట్లు మళ్లించుట పొసగదు. మూలమున దిద్దినది ఒక్క పంక్తియే యైనను, అది లీనమైన ఫంక్షనుల నన్నిటిని వెదకి, ఒక్కొక్కదానికి వేరుగా కొత్త దేహము నీయవలసియున్నది.