విత్తనానికి ఉంచిన కాయ

మిరప తల వంచుకుని పూస్తుంది. పువ్వును సరిగ్గా చూడాలంటే మనమే వంగాలి. తెల్లటి రేకులు విచ్చుకున్నాక లోపలి ఊదారంగు కేసరాలు పగిలి, ఆ పుప్పొడి అదే పువ్వు కీలాగ్రానికి అంటుకుంటుంది. తన పని చాలావరకు తానే చక్కబెట్టుకునే మొక్క ఇది. తేనెటీగలు వచ్చిపోతే పక్క మొక్క పుప్పొడీ కాస్త తగులుతుంది.

దీన్ని మరో రకంతో కలపాలంటే పువ్వు కంటే ముందు మేలుకోవాలి. రేపు పొద్దున విచ్చుకోబోయే మొగ్గ ఈ సాయంత్రానికే ఉబ్బి తెల్లబడుతుంది. సన్నటి పట్టకారుతో రేకులు విప్పి, ఇంకా పగలని కేసరాలను ఒక్కొక్కటిగా తుంచేయాలి. మధ్యలో నూలుపోగంత కీలం మిగులుతుంది. దాన్ని నలపకూడదు. తెల్లారాక రెండో మొక్క పుప్పొడి తెచ్చి దాని కొనకు అద్ది, పైన చిటికెడు దూది కప్పి, తొడిమకు రంగుదారం కట్టాలి. ఎండ ముదిరితే దారంతో సహా రాలిపోతుంది. రాలనీ, మిరపకు పూత కొదవా!

మా మేడమీద నేను కలిపింది వరంగల్ చపాటానూ, అలంకారానికి పెంచే ఒక కుండీ మిరపనూ. చపాటా పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. కుండీ మిరప కాయలు ఆకాశంకేసి నిలబడతాయి. దారం కట్టిన కాయ పండాక చూస్తే అచ్చం చపాటాయే. కొత్తవాళ్లు ఇక్కడే నిరుత్సాహపడతారు. కాయ కండ తల్లిది, కలయిక ఉన్నది గింజలో. మిరప పక్కన నాటితే క్యాప్సికం కాయలకు ఆ ఏడే కారం ఎక్కుతుందనే మాట అందుకే నిజం కాదు.

ఆ గింజల మొక్కలన్నీ దాదాపు ఒకే అచ్చు, కాయలన్నీ కిందికే వేలాడతాయి. నిలబడే గుణం పోయిందనుకుంటాం. వాటి గింజలు మళ్లీ నాటితే ఇంచుమించు నాలుగింట ఒక మొక్క ఆకాశంకేసి కాస్తుంది, తాత ముక్కు మనవడికి వచ్చినట్టు. మెండెల్ 1866లో బఠాణీ మొక్కల మీద అచ్చువేసిన లెక్క కుండీల్లో కనిపిస్తుంది. రంగు, కారం, ఆకారం దేని దారిన అది చీలిపోవడంతో ఈ తరంలో ఏ మొక్కా పక్కదానిలా ఉండదు.

అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. కలపడం ఒక పూట పని, ఏది ఉంచుకోవాలో తేల్చుకోవడం ఏళ్ల పని. ఒక మొక్క కాయ కుంకుమలా ఎర్రన, కానీ తోలు మందం, ఎండేలోపే బూజు పడుతుంది. ఇంకొకటి విరగకాస్తుంది గానీ రుచీపచీ ఉండదు. మరొకటి ఆకుముడతకు లొంగలేదు, కాయలు మాత్రం వంకరటింకర. మేడమీద చోటు నాలుగు కుండీలకే. నాకేం కావాలో నాకు తెలియకపోతే అన్నీ కావాలనిపిస్తుంది.

ఎడ్ కరీ అనే అమెరికన్‌కు ఆ సందేహం లేదు. కారమే కావాలనుకున్నాడు. అతని పెప్పర్ ఎక్స్ అనే మిరప, కారాన్ని కొలిచే స్కోవిల్ యూనిట్లలో సుమారు 27 లక్షలతో, 2023లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ పట్టుదలంటే గౌరవమే. కానీ రెండో ముద్ద తిననివ్వని కారం నాకెందుకు? నేను కాయను నిలువునా చీల్చి ముందు కొన కొరుకుతాను, తర్వాత గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెను నాలుకకు తాకిస్తాను. కారం పుట్టేది అక్కడే, గింజలో కాదు. పెరుగన్నంలో నంజుకోవాలనిపిస్తే ఆ మొక్క ఒక మెట్టు ఎక్కినట్టు.

ఆరు వందల ఏళ్ల కిందట మన నేలమీద మిరపే లేదు. పోర్చుగీసువాళ్లతో వచ్చిన కాయ ఇది. గుంటూరుకో రకం, వరంగల్‌కో రకం అయ్యాయంటే, ఏ కళ్లంలోనో ఎవరో బాగున్న కాయను బస్తాలోకి పోనీయకుండా తీసి విడిగా ఎండబెట్టబట్టే. మంచివన్నీ కూరలోకి, తాలుకాయలు విత్తనానికి అనుకుని ఉంటే రకం నిలిచేది కాదు. ఎర్రగా నిగనిగలాడే కాయను నోటికి దూరంగా పెట్టడం నాకింకా కష్టంగానే ఉంటుంది.

ఇలా ఆరేడు తరాలు ఏరితే గాని రకం కుదురుకోదు. అంతవరకూ పక్కకు పెట్టిన మొక్కల పండుమిరపకాయలన్నీ కలిపి, ఉప్పూ చింతపండూ వేసి కొరివికారం నూరుతున్నాం. ఏ ఏటి జాడీ రుచి ఆ ఏటిదే. పోయినేడాది పచ్చడే బాగుందని ఇంట్లో ఒక మాట ఉంది. ఆ మొక్కల గింజలు దాచలేదు.