చేపల తల్లి

యెమోజా అనేది నైజీరియాలోని యోరుబా ప్రజల నదీదేవత పేరు. ‘యేయే ఒమొ ఎజా’ అన్న మాటలు కలిసి ఆ పేరయిందని చెబుతారు. చేపలే పిల్లలుగా గల తల్లి అని అర్థం. చేపలను లెక్కపెట్టలేం, ఆమె బిడ్డలనూ అంతే.

మొదటిసారి ఈ అర్థం చదివినప్పుడు నాకు నిరాశ కలిగింది. ఇక్కడా అమ్మేనా? తల్లి కాకపోతే దేవతకైనా పేరు దక్కదా? మాతృత్వాన్ని పొగిడి పొగిడి స్త్రీని ఇంటికి కట్టేసిన సమాజంలో పెరిగినదాన్ని, నాకు ఆ అనుమానం రావడం సహజమే.

కానీ నా అనుమానాన్ని అక్కడికి మోసుకెళ్లే హక్కు నాకుందా? వలసపాలనకు ముందు యోరుబా సమాజాన్ని నడిపింది లింగభేదం కాదనీ, వయసును బట్టి వచ్చే పెద్దరికమనీ ఓయెరోంకె ఓయెవూమీ 1997లో వచ్చిన ‘ది ఇన్వెన్షన్ ఆఫ్ విమెన్’లో వాదించారు. ఆ వాదాన్ని ఒప్పుకోని ఆఫ్రికన్ స్త్రీవాదులూ ఉన్నారు. అయినా యోరుబాలో ‘అతడు’, ‘ఆమె’ అని వేర్వేరు సర్వనామాలు లేవన్నది నిజం. మన తెలుగులోనో, ఏకవచనంలో స్త్రీ వచ్చినా ఆవు వచ్చినా ‘వచ్చింది’ అనే అంటాం. ఇలాంటి భాషలోంచి మరొకరి దేవతను చదువుతున్నానన్న ఎరుక నాకుండాలి.

నా ప్రశ్నకు జవాబు అట్లాంటిక్ అవతల దొరికింది. బానిసల ఓడల్లో తరలించిన యోరుబాలతోపాటు ఈ పేరూ సముద్రం దాటింది. క్యూబాలో యెమాయా, బ్రెజిల్‌లో ఇయెమంజా అయింది. ఒగున్ నది తల్లి సముద్రపు తల్లిగా మారింది. అప్పటి బ్రెజిల్‌లో బానిస స్త్రీ కన్న బిడ్డ యజమాని ఆస్తి. 1871 నాటి చట్టం ఇకపై పుట్టే పిల్లలు స్వేచ్ఛాజీవులంది గానీ, యజమాని కోరుకుంటే 21 ఏళ్లు వచ్చేదాకా వాళ్లచేత చాకిరీ చేయించుకోవచ్చు. బానిసత్వం పూర్తిగా రద్దయింది 1888లో. కన్నబిడ్డను ‘నాది’ అనుకునే హక్కు లేని స్త్రీ, లెక్కలేనంతమంది బిడ్డల తల్లిని పేరుపెట్టి పిలిస్తే, ఆ పిలుపును నేను సంకెల అనగలనా?

ఇప్పటికీ ఏటా ఫిబ్రవరి 2న సాల్వదోర్ నగరంలో జనం ఆమెకు పూలు, అద్దాలు, అత్తర్లు సముద్రంలో అర్పిస్తారు. అయితే బ్రెజిల్ బొమ్మల్లో ఆమె తరచుగా తెల్లని మేనితో, జారే పొడవాటి జుట్టుతో కనిపిస్తుంది. పేరు మిగిలింది, ఒంటిరంగు మారిపోయింది. అమ్మా అని మొక్కేవాళ్లంతా ఆమె నల్లబిడ్డలతో చుట్టరికం ఒప్పుకోరు.

పిల్లల్లేరని మా పిన్నిని పేరంటాల్లో పక్కన నిలబెట్టినప్పుడు అమ్మతనం శిక్షే. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ మాతృత్వం బంధనమా, బలమా అని విడిగా అడగడం మానేశాను. దాన్ని ఎవరిమీద రుద్దారు, ఎవరి ఒడిలోంచి లాక్కున్నారు అని అడుగుతున్నాను.