పిల్లల క్షేమ సమాచారము

ధ్యాన భాగములు: 1 సమూయేలు 2:18-26, లూకా 2:51, 52, 3 యోహాను 3, 4 వచనములు

ఆరాధన ముగిసి సంఘస్థులు దేవాలయపు మెట్లు దిగునప్పుడు ఒకరినొకరు అడుగు మొదటి ప్రశ్న "పిల్లలందరు క్షేమమేనా?" అన్నదే. బంధువుల ఉత్తరములలోను, దూరదేశములనుండి వచ్చు ఫోనులలోను, క్రిస్మసు పండుగకు ఇంటికి చేరినవారి సంభాషణలలోను ఈ ప్రశ్నయే ముందు నిలుచును. తల్లిదండ్రులు చెప్పు జవాబు సాధారణముగా ఒకే విధముగా నుండును. పెద్దవాడు ఇంజనీరింగు ముగించెను. హైదరాబాదులో ఉద్యోగము దొరికినది. అమ్మాయి నర్సింగు రెండవ సంవత్సరము చదువుచున్నది. చిన్నవాడు పదవ తరగతి. తండ్రికంటె ఎత్తు పెరిగినాడు. ఇవి యన్నియు సంతోషకరమైన సంగతులే. వీటికొరకు దేవుని స్తుతించుట యుక్తమే.

కాని అదే మెట్లమీద మరియొక తల్లి నిలిచియుండును. ముగ్గురు బిడ్డలలో ఇద్దరిని గూర్చి ఆమె చెప్పును. మూడవ బిడ్డ పేరు వచ్చునప్పటికి మాట తప్పించును, లేదా ఇంటివద్ద పనియున్నదని త్వరగా వెళ్లిపోవును. ఆ కుమారుడు సంఘమును విడిచి కొన్ని సంవత్సరములైనది. ఇంటికి ఒక మాటయైనను రాదు. అందరికి సంతోషము కలిగించు ఆ ప్రశ్న ఆమెకు మాత్రము ముల్లువలె గుచ్చుకొనును. పిల్లల సమాచారమును గూర్చి పరిశుద్ధ గ్రంథము నేర్పు సంగతులను ధ్యానించునప్పుడు ఈ తల్లిని కూడ మనస్సునందుంచుకొనవలెను.

అంగీ కుట్టిన తల్లి

హన్నా తన కుమారుడైన సమూయేలును పాలు విడిచిన పిమ్మట షిలోహులోని మందిరమునకు అప్పగించెను. తరువాత యెహోవా ఆమెకు ముగ్గురు కుమారులను ఇద్దరు కుమార్తెలను అనుగ్రహించెను. ఇంటినిండ పిల్లలున్నను దూరముననున్న మొదటి బిడ్డను ఆమె మరువలేదు. ఏటేట బలి అర్పించుటకు తన పెనిమిటితో వెళ్లునప్పుడు వానికి ఒక చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్లుచుండెను.

ఇంత చిన్న సంగతి లేఖనములలో వ్రాయబడుటలో గొప్ప భావము కలదు. ఎదుగుచున్న బిడ్డకు అంగీ కుట్టవలెనన్న వాని కొలత తెలిసియుండవలెను. నిరుటి అంగీ ఈ యేటికి చాలదు. భుజములు వెడల్పగును, చేతులు పొడవగును. హన్నా ప్రతి సంవత్సరము కుమారుని కన్నులార చూచి, వాడెంత పెరిగెనో గుర్తుంచుకొని, ఇంటికి వచ్చి ఆ కొలతకు కుట్టవలసియుండెను.

అనేకమంది తల్లిదండ్రులు పిల్లల దేహమునకు క్రొత్త బట్టలు కొందురు గాని వారి మనస్సునకు నిరుటి అంగీనే తొడుగుదురు. అయిదేండ్లవానికి "వద్దు" అనిన చాలును. పదునైదేండ్లవాడు "ఏల వద్దు?" అని అడుగును, వానికి కారణము చెప్పవలెను, వాని సందేహమును ఓపికతో వినవలెను. ఇరువదియైదేండ్ల కుమార్తెకు ఆజ్ఞకంటె ఆలోచన ఎక్కువ ఉపయోగపడును. ఇది యెరుగక పాత మాటనే గట్టిగా పలుకువారు, బిడ్డ తిరుగబడెనని దుఃఖింతురు. కొన్నిసార్లు బిడ్డ తిరుగబడలేదు. అంగీ బిగువై చినిగినది.

నాలుగు కొలతలు

బాలుడైన యేసు నజరేతులో ఎదిగిన విధమును లూకా నాలుగు కొలతలతో తెలియజేసెను. ఒకటి జ్ఞానము, రెండవది దేహము, మూడవది దేవుని దయ, నాలుగవది మనుష్యుల దయ. తల్లిదండ్రులు పిల్లలను గూర్చి చెప్పునప్పుడు మొదటి రెండు కొలతలు తప్పక వినబడును. మార్కులు, ఎత్తు, ఉద్యోగము, జీతము, ఇవి యన్నియు ఆ రెండింటిలో ఇమిడియున్నవి. మిగిలిన రెండింటిని చెప్పువారు తక్కువ, అడుగువారు మరింత తక్కువ.

హాస్టలు గదిలో ఎవరును చూడనప్పుడు కుమారుడు మోకరించుచున్నాడా? తనకంటె తక్కువ స్థితిలోనున్నవారితో కుమార్తె ఎట్లు మాటలాడుచున్నది? మంచి ఉద్యోగము దొరికినదని సంఘములో స్తోత్రకానుక వేసిన కుటుంబము, ఆ కుమారుని వివాహ సమయమున ఆ ఉద్యోగమునకే వెలకట్టి కట్నము అడుగుచున్నదా? 1961వ సంవత్సరపు చట్టము కట్నమును నిషేధించినది. విశ్వాసులకు చట్టముకంటె పై నున్న మాట యొకటి కలదు. దేవుడు ఇచ్చిన దానమును అమ్మకమునకు పెట్టరాదు. కుమారుని క్షేమమును గూర్చి తండ్రి చెప్పు సంతోష సమాచారము, మరియొక ఇంటి తండ్రికి అప్పుల పత్రముగా మారినయెడల, ఆ బిడ్డ నాలుగవ కొలతలో ఎదుగలేదు. ఆ తండ్రియు ఎదుగలేదు.

ఇచ్చటనే లూకా మరియొక మాట వ్రాసెను. కుమారుని సంగతులన్నిటిని మరియ తన హృదయములో భద్రము చేసికొనెను. ఆమెకు తెలిసినదంతయు ఇరుగుపొరుగువారికి ప్రకటింపలేదు. పిల్లలను గూర్చి చెప్పవలసినవి కొన్ని, దాచుకొనవలసినవి కొన్ని కలవు. ఈ దినములలో బిడ్డ బహుమానము, బిడ్డ తప్పిదము, బిడ్డ కన్నీరు, అన్నియు ఒక్క నిమిషములో ఫోనుద్వారా బంధువులందరికి చేరుచున్నవి. పదిమంది ఎదుట తన లోపము చెప్పబడిన బిడ్డ, మరియొకసారి తన మనస్సును ఆ తల్లిదండ్రులకు తెరచి చూపుటకు జంకును. దేవుని ఎదుట మాత్రమే చెప్పదగిన సంగతులను ఆయన ఎదుటనే చెప్పుట మేలు.

ఎప్‌వర్తులోని ఇల్లు

ఇంగ్లాండు దేశమున ఎప్‌వర్తు అను గ్రామములో శామ్యూల్ వెస్లీ అను గురువుగారి భార్య సుసన్నా. ఆమె పందొమ్మిదిమంది బిడ్డలను కనెను. వారిలో పదిమంది మాత్రమే పెరిగి పెద్దవారైరి. మెదకు ప్రాంతమున సువార్త ప్రకటించిన వెస్లియను మిషనునకు ఈ కుటుంబమునుండియే ఆ పేరు కలిగెను. 1709లో ఆ ఇల్లు అగ్నికి ఆహుతి కాగా అయిదేండ్ల జాన్ కిటికీగుండ రక్షింపబడెను. పేదరికము, అప్పులు, వ్యాధులు ఆ ఇంటిని విడువలేదు. అయినను ఆమె ప్రతి బిడ్డకు వారములో ఒక సాయంకాలము ప్రత్యేకించి, ఒంటరిగా కూర్చుండబెట్టుకొని వాని ఆత్మస్థితిని గూర్చి మాటలాడుచుండెను. మంగళవారము హెట్టీది, గురువారము జాన్‌ది, శనివారము చార్లెసుది. ఈ ఏర్పాటును 1712లో తన భర్తకు వ్రాసిన ఉత్తరములో ఆమె తెలియజేసెను. ఇరువది సంవత్సరముల తరువాత, ఆక్సుఫర్డులో ఉపాధ్యాయుడైన జాన్ తన తల్లికి వ్రాయుచు, ఆ గురువారపు సాయంకాలములో ఒక చిన్న భాగమును తనకొరకు మరల కేటాయింపుమని కోరెను. బిడ్డల సమాచారము ఇతరులవలన వినకమునుపే బిడ్డల నోటనే వినుటకు ఆమె సమయమిచ్చెను.

ఇంతటితో ముగించినయెడల కథ సగమే చెప్పినట్లగును. మంగళవారపు బిడ్డ హెట్టీ మిక్కిలి తెలివిగలది, కవిత్వము వ్రాయగలది. 1725లో ఆమె వివాహము చేసికొందునని నమ్మించిన యొకనితో ఇల్లు విడిచి వెళ్లి, మోసపోయి, గర్భవతియై తిరిగివచ్చెను. వెంటనే తనకు తగని మరియొకనితో వివాహము జరిగెను. తండ్రి ఆమె విషయమై హృదయమును కఠినపరచుకొనెను. 1726లో జాన్, పాపము చేసినవారిని సహితము ప్రేమింపవలెనని తన తండ్రి సంఘములోనే ప్రసంగించెను. అది హెట్టీ పక్షముగా చెప్పబడినదని గ్రహించి తండ్రి నొచ్చుకొనెను. 1735లో ఆయన మరణించువరకు ఆ గాయము సంపూర్ణముగా మానలేదు.

ఒకే ఇల్లు, ఒకే తల్లి, వారమునకు ఒకే విధమైన ఒక సాయంకాలము. ఒక బిడ్డను గూర్చి లోకమంతయు చెప్పుకొనెను. మరియొక బిడ్డను గూర్చి ఆ ఇల్లు మాటలాడుటకు సిగ్గుపడెను. కాబట్టి బిడ్డ త్రోవ తప్పిన ప్రతి ఇంటిని చూచి "పెంపకము సరిగా లేదు" అని తీర్పు తీర్చువారు నోటిమీద చెయ్యి వేసికొనవలెను. హెట్టీ కథ అవమానముతో ముగియలేదు. 1750లో ఆమె మరణమునకు ముందు తమ్ముడైన చార్లెస్ ఆమెను దర్శించి ప్రార్థించెను. ప్రభువు విరువని నలిగిన రెల్లువంటి ఆత్మగా ఆమెను తన దినచర్యలో పేర్కొనెను. తండ్రి వినలేకపోయిన శుభవార్తను తమ్ముడు వినెను.

ఆలస్యముగా అడిగిన ప్రశ్న

ఇద్దరు తండ్రుల సంగతి లేఖనములు హెచ్చరికగా నిలిపినవి. ఏలీ తన కుమారులను గూర్చిన చెడు సమాచారమును ప్రజలవలన వినెను. విని మందలించెను గాని అడ్డగింపలేదు. దావీదు సంగతి వేరు. అబ్షాలోము హత్య చేసి గెషూరునకు పారిపోయి మూడు సంవత్సరములుండెను. తిరిగి వచ్చిన తరువాత రెండు నిండు సంవత్సరములు యెరూషలేములోనే కాపురమున్నను రాజు ముఖమును చూడలేదు. ఒకే పట్టణము, ఒకే రక్తము. అయినను తండ్రి పిలువలేదు. తరువాత యుద్ధదినమున దావీదు గుమ్మములయొద్ద కూర్చుండి, వచ్చిన ప్రతి దూతను తన కుమారుని క్షేమమే అడిగెను. ప్రశ్న మంచిదే. అడిగిన దినము మాత్రము ఆలస్యమైనది. ఏలీ అడ్డగింపక బిడ్డలను పోగొట్టుకొనెను. దావీదు పిలువక పోగొట్టుకొనెను. గద్దింపు లేని ప్రేమయు, తలుపు తెరువని కోపమును ఒకే సమాధియొద్దకు చేర్చును.

తప్పిపోయిన కుమారుని తండ్రి ఈ ఇద్దరివంటివాడు కాడు. కుమారుడు ఇంకను దూరముగా నున్నప్పుడే తండ్రి చూచెనని ప్రభువు చెప్పెను. అంతదూరములో చూచినవాడు మార్గమును చూచుచు నుండినవాడే. కుమారునిగూర్చి పొరుగువారికి చెప్పుటకు ఆయనయొద్ద ఏ మంచి వార్తయు లేదు. అయినను కన్ను మార్గమును విడువలేదు.

వృద్ధుడైన యోహాను గాయునకు వ్రాసిన చిన్న పత్రికలో తన మహా సంతోషము ఏదో తెలిపెను. పిల్లలు సత్యములో నడుచుచున్నారన్న వార్తయే అది. అతడు పిల్లలని పిలిచినది తాను ఆత్మీయముగా కన్నవారిని. కనుక సంఘములోని ప్రతి బిడ్డ క్షేమము సంఘమంతటి భారము. మెట్లమీద మాట తప్పించిన ఆ తల్లిని ఇక ప్రశ్నలతో నొప్పింపక, "అమ్మా, అబ్బాయి పేరు చెప్పండి, నేటినుండి మా ఇంటి ప్రార్థనలో జ్ఞాపకము చేసికొందుము" అని ఒక సహోదరి చెప్పినయెడల, ఎన్నో సంవత్సరములుగా ఆ సంఘములో పలుకబడని ఆ పేరు మరల పలుకబడును.

క్రొత్త సంవత్సరము ఆరంభమగుచున్నది. పిల్లలు గల ప్రతివారును వారములో ఒక సాయంకాలము ఒక్కొక్క బిడ్డకు ప్రత్యేకింతురు గాక. దూరమైన బిడ్డకు, నేరము మోపని ఒక ఉత్తరము వ్రాయుదురు గాక. బంధువులకు చెప్పకమునుపు ప్రతి బిడ్డ సమాచారమును పేరుపేరున పరలోకపు తండ్రికి చెప్పుదురు గాక. ఎదుగుచున్నవారి కొలతలన్నియు ఎరిగిన ఆ తండ్రి, ఇంటనున్నవారిని కాపాడి, దూరమైనవారిని నడిపించి, కన్నీటితో కనిపెట్టువారికి తగిన కాలమందు శుభవార్త వినిపించును గాక. ఆమేన్.