గోడ వెనక దాగని ముఖాలు

ఆఫ్ఘనిస్తాన్ సినిమా గురించి రాసేవాళ్లంతా తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. 1996లో తాలిబన్లు కాబూల్‌ని పట్టుకున్నాక, ప్రభుత్వ సంస్థ ‘ఆఫ్ఘన్ ఫిల్మ్’ ఉద్యోగులు సినిమాల నెగటివ్‌లని ఒక గదిలో పెట్టి, తలుపు కనపడకుండా గోడ కట్టేశారు. తాలిబన్లు చేతికి దొరికిన ప్రింట్లు తగలబెట్టారు. దాచినవి బతికాయి. ప్రాణాలకు తెగించి వాళ్లు చేసిన ఆ పనిని తక్కువ చెయ్యలేం. అయితే ఆ రీళ్లలో నటించిన స్త్రీలని ఏ గోడ వెనక దాచాలన్న ప్రశ్న మాత్రం ఆ వీరగాథలో ఎక్కడా వినపడదు.

2003లో సిద్దిఖ్ బర్మక్ తీసిన ‘ఒసామా’నే తీసుకుందాం. ఇంట్లో సంపాదించే మగవాడు లేడు, ఆడవాళ్లు బయటికెళ్లి పనిచేయకూడదు. గత్యంతరం లేక తల్లి కూతురి జుట్టు కత్తిరించి, మగపిల్లాడి వేషం వేసి పనికి పంపుతుంది. ఆ పాత్రలో నటించిన మరీనా గోల్బహారి కాబూల్ వీధుల్లో అడుక్కుంటూ దర్శకుడి కంటపడిన పిల్ల. 2004లో సినిమాకి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఒక దేశపు సినిమా మళ్లీ ఊపిరి పోసుకుందని లోకమంతా మెచ్చుకుంది. 2015లో దక్షిణ కొరియాలో బుసాన్ చిత్రోత్సవానికి వెళ్లినప్పుడు తలమీద ముసుగు లేకుండా ఉన్న ఆమె ఫొటోలు బయటికి రాగానే బెదిరింపులు మొదలయ్యాయి. ఆమె ఫ్రాన్స్‌లో ఆశ్రయం కోరాల్సి వచ్చింది.

కథలో తల్లి చేసిన పనే కథ బయట సినిమా చేసింది కదా అనిపిస్తుంది నాకు. ఇల్లు గడవడానికి ఒక పిల్లని ప్రమాదంలోకి పంపడం. తల్లికి వేరే దారి లేదు. సినిమాకీ లేదంటే ఒప్పుకోవడం కష్టం.

మన తెరకి బాగా తెలిసిన శ్రీదేవి 1992లో వచ్చిన ‘ఖుదా గవా’ కోసం ఆఫ్ఘనిస్తాన్ వెళ్లింది, షూటింగ్ ముగించుకుని వచ్చేసింది. ఆఫ్ఘన్ నటి మాత్రం ప్యాకప్ అయ్యాక వెళ్లాల్సింది తన వీధికే. పెద్ద పరిశ్రమలు స్త్రీల దేహాలతో చేసే వ్యాపారం గురించి మనం చాలానే రాశాం. చిన్న పరిశ్రమ పేదరికాన్ని చూసి జాలిపడి దాన్ని ప్రశ్నించడం మానేస్తున్నామేమో!

దర్శకురాలు స్త్రీ అయినంత మాత్రాన ప్రమాదం తగ్గదు. సబా సహర్ నటి, దర్శకురాలు, పోలీసు అధికారి కూడా. 2020 ఆగస్టులో కాబూల్‌లో ఆమె మీద కాల్పులు జరిగాయి, బతికి బయటపడింది. తేడా ఒక్కటే: ఆ ప్రమాదంలోకి ఆమె తెలిసి అడుగుపెట్టింది. తన పేరు, తన ఉద్యోగం, తన శత్రువులు ఎవరో తెలుసు. వీధిలో దొరికిన పన్నెండేళ్ల పిల్ల ‘సరే’ అంటే అది అంగీకారమెలా అవుతుంది? ఆమెకి ఒక పూట తిండి కనిపిస్తుంది గానీ పన్నెండేళ్ల తర్వాతి బెదిరింపు కనిపిస్తుందా?

అందుకని సినిమా తీయొద్దనడం లేదు. తాలిబన్లు కోరేదీ అదే. నటి భద్రత కూడా నిర్మాణ ఖర్చులో భాగమేనని, బహుమతి ఇచ్చినవాళ్లకీ అందులో వాటా ఉందని అంటున్నాను. ‘ఆఫ్ఘన్ ఫిల్మ్’కి 2019లో తొలి మహిళా అధిపతి అయిన సహ్రా కరీమి 2021 ఆగస్టు 13న ప్రపంచ సినిమా సమాజానికి బహిరంగ లేఖ రాసింది. రెండ్రోజుల్లో కాబూల్ పడిపోయింది, ఆమె ఉక్రెయిన్ చేరుకుంది. ఆ నవంబరులోనే, స్త్రీలు నటించిన నాటకాలూ సీరియళ్లూ చూపించొద్దని తాలిబన్లు టీవీ ఛానళ్లని ఆదేశించారు. ఆ సీరియళ్లలో నటించిన చాలామందికి ఉక్రెయిన్ వెళ్లే విమానం లేదు.