పిడిని మెత్తపఱచుట

మేజపై కంప్యూటరును, దాని ముందు జేనెడు జాయ్‌స్టిక్కును పెట్టుకొని తెఱపై విమానము నడపెడి అభ్యాసము నేడు మన యిండ్లలో అక్కడక్కడ కానవచ్చుచున్నది. దీనిని పిల్లలాట యని త్రోసిపుచ్చువారు కలరు. నాకును మొదట నట్లే తోచెను. కాని ఆ యాటయందలి యొక చిన్న సవరణ నా మనశ్శాంతిని కొన్ని నాళ్లు హరించినది గావున దానిని చదువరుల యెదుట పెట్టుచున్నాను.

ఆ సవరణ పిడియొక్క సున్నితత్వమును మార్చుట. నిజమైన సెస్నా 172 విమానమున నడుపువాని చేతిలోని చక్రము ముందువెనుకలకు చాల మేర జరుగును. వేగము హెచ్చినకొలది గాలి యొత్తిడిచే బరువెక్కును. మేజపైని పిడి యట్లు గాదు. కొలది యంగుళములలోనే దాని యాత్ర ముగియును. దాని బిగువు స్ప్రింగుదే గాని గాలిది గాదు; విమానము వేగము కోల్పోయి పడబోవుచున్నను, శరవేగమున పోవుచున్నను చేతికి ఒకటే బరువు. అందుచే చేయి రవంత వణకినను తెఱపై విమానము మదించిన గుఱ్ఱమువలె ముక్కెత్తును. దానిని దిద్దబోయి మితిమీఱి త్రోయుదుము. ఆ త్రోపును దిద్దబోయి మితిమీఱి లాగుదుము.

దీనికి సిమ్యులేటరునందు కొన్ని యమరికలు కలవు. డెడ్ జోన్ అనునది నడిమిస్థానమున పిడి స్వల్పముగ కదలినను లెక్కింపకుండుట. అరిగిన పిడి తనంతట పుట్టించు వణకు దీనిచే అణగును. స్పందనరేఖను వంచినచో నడుమ కదలికకు తక్కువ ఫలమును, అంచులకు పోయినకొలది ఎక్కువ ఫలమును కలుగును; పూర్తిగా లాగినప్పుడు పూర్తి ఫలమే. ఎక్స్-ప్లేన్ వంటి వానియందు వీనికి భిన్నమైన మఱియొక యమరిక యున్నది. అది విమానమునకు లేని నిలకడను కృత్రిమముగ కల్పించును.

పైలటు కావలెనని పట్టుపట్టిన మా యమ్మాయి, పదునాఱేండ్లది, దిగబోయిన ప్రతిమాఱును విమానమును రన్‌వేపై కూల్చి కంట తడిపెట్టుకొనుట చూడజాలక, ఒకనాటి రాత్రి ఆమె నిద్రించిన పిమ్మట ఈ మూడు నమరికలను నేను జరిపితిని. ఆమెతో చెప్పలేదు. మఱునాడు విమానము హంసవలె దిగెను. ఆమె తల్లిని పిలిచి చూపెను, ఇరుగుపొరుగులతో చెప్పుకొనెను. నేనును మెచ్చుకొంటిని. ఆ మెప్పు తలచుకొన్న నాకిప్పటికిని సిగ్గగును.

తప్పేమి యని నాలో నేనే వాదించుకొంటిని. యంత్రమును చేతికి తగినట్లు దిద్దుట మోసమైనచో విమాననిర్మాతలందఱును మోసగాండ్రే. 1903 డిసెంబరు 17న కిట్టీ హాక్ వద్ద ఆర్విల్ రైటు నడపిన తొలి విమానమున ముందఱి ఎలివేటరు మిక్కిలి చుఱుకైనది. 12 సెకండ్లలో 120 అడుగులు సాగిన యా ప్రయాణమంతయు ఎగుడుదిగుడుగనే జరిగినది. 1974 జనవరి 20న అమెరికాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరమున వైఎఫ్-16ను నేలపై పరుగెత్తించి పరీక్షించుచుండగా అది యిరుప్రక్కలకు ఊగిపోయెను. ఫిల్ ఓస్ట్రైకరు గత్యంతరము లేక దానిని గాలిలోని కెత్తి, కొన్ని నిమిషములు తిప్పి, క్షేమముగ దించెను. నాటి దాని పిడి దాదాపుగ కదలనిది, చేతి యొత్తిడిని మాత్రమే గ్రహించునది. తరువాత దానికి కొలదిపాటి కదలికను కల్పించిరి. ఆ యింజనీర్లను తప్పుపట్టువా రెవరు?

ఈ సమర్థన సగమే నిలిచినది. రేఖను వంచుట కుఱుచపిడిని పొడుగుపిడికి సరిచేయుట. అసలు అబద్ధమాడుచున్నది మేజపైని పిడియే గావున అది అబద్ధమును తొలగించుటయే. కృత్రిమపు నిలకడ పిడిని గాక విమానమునే మార్చును. గాలి చేతులు కట్టివేయును. అయినను, నేను మొదటిదానిని మాత్రమే చేసియుండినను చెప్పక చేసినది చెప్పక చేసినదే. మన యిండ్లలో ఆడపిల్లల యెడ ఈ దొంగదయ మఱింత హెచ్చు. పరీక్ష తప్పిన కొమరునితో “మరల చదువు” మందుము. కొమార్తెతో “పోనీలే తల్లీ” యందుము.

నెల గడచిన పిదప ఆమె స్నేహితురాలి యింట, అమరికలు మార్చని యంత్రముపై నడపి, మునుపటివలెనే కూల్చి వచ్చెను. వచ్చి మా కంప్యూటరున అమరికల పుట తెఱచెను.

“నాన్నగారూ, ఇవి మీరు మార్చినారా?”

“అవునమ్మా.”

“ఎప్పుడు?”

చెప్పితిని. కోపగించినను బాగుండెడిది. “అయితే నేను నిజముగా ఎన్నిమాఱులు దిగితినో నాకు తెలియదన్నమాట” అని మాత్ర మనెను.

కృత్రిమపు నిలకడను ఆమెయే పూర్తిగ తీసివేసినది. డెడ్ జోనును పిడి వణకు నంత మేరకే ఉంచినది. రేఖను నిటారు చేయుమని నేననగా ఒప్పుకొనలేదు; కొంత వంచి యుంచి, చేసిన ప్రతి మార్పును తేదీతో కాగితముపై వ్రాసికొనుచున్నది. నిన్నటి సాయంకాలము విమానము రెండుమాఱు లెగిరిపడి రన్‌వే అంచున నిలిచెను. ఆమె తల్లిని పిలువలేదు. కాగితమున ఏమో వ్రాసికొని, విమానమును మరల మొదటికి త్రిప్పెను.